గడ్డను వెతికి పట్టే మందు

భిక్నూర్‌లో ఎవరికైనా గుండెపోటు వస్తే 44వ నంబరు రహదారి ఎక్కాలి. కామారెడ్డి దగ్గరే. మూసుకుపోయిన నాళాన్ని తెరిచి స్టెంట్ వేసే పెద్దాసుపత్రులున్న హైదరాబాద్ మాత్రం సుమారు వంద కిలోమీటర్లు. టెనెక్టెప్లేస్ ఇలాంటి దూరాల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. నాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించేందుకు ఐదు సెకన్లలో నరంలోకి ఎక్కించే ఒకే ఒక్క ఇంజెక్షన్ అది. సిరంజిలో నీళ్లలా కనిపించే ఆ మందులో ఎంత పనితనం దాగుందో చూడాలి.

అంతకుముందు స్ట్రెప్టోకైనేజ్ ఉండేది. బ్యాక్టీరియా నుంచి వచ్చే ఈ పదార్థం గడ్డను కరిగిస్తుందని టిల్లెట్, గార్నర్ 1933లో చూపారు. 1986లో ఇటలీలో 11,806 మంది గుండెపోటు రోగుల మీద జరిగిన పరీక్షలో మరణాలు 13 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గాయి. శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ దీన్ని హైదరాబాద్‌లోనే తయారుచేశాయి. చవక మందు, ఎన్నో ప్రాణాలు నిలిపింది. కాకపోతే కలుపు కోసం చేనంతా దున్నేసే రకం: గడ్డ ఉన్నచోటే కాక, రక్తమంతటా గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. గంటసేపు ఎక్కించాలి, ఆలోగా బీపీ పడిపోవచ్చు. ఒకసారి వాడితే ఒంట్లో ప్రతిరక్షకాలు పుడతాయి, మళ్లీ ఇవ్వడం కష్టం.

మన ఒంట్లోనే టీపీఏ అనే ప్రోటీన్ ఉంది. గడ్డలోని ఫైబ్రిన్ దారాలను పట్టుకున్నప్పుడే అది చురుగ్గా పనిచేస్తుంది. దాన్నే ఆల్టెప్లేస్ పేరుతో మందుగా తెచ్చారు. అయితే కాలేయం దాన్ని నిమిషాల్లో తుడిచేస్తుంది, పీఏఐ-1 అనే మరో ప్రోటీన్ దాని నోరు కట్టేస్తుంది. అందుకే డ్రిప్ తప్పలేదు.

అమెరికాలోని జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు 527 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో మూడు చోట్ల మాత్రమే చెయ్యి పెట్టారు. 103వ స్థానంలో ఒకదాన్ని మార్చి అక్కడ చక్కెర గొలుసు ఒకటి తగిలించారు. మందు ఎక్కువసేపు నిలిచింది, కానీ ఫైబ్రిన్ మీద పట్టు సడలింది. అప్పుడు 117వ చోట సహజంగా ఉన్న చక్కెరను తీసేశారు. సడలిన పట్టు తిరిగొచ్చింది, నిలిచే కాలం మాత్రం తగ్గలేదు. ఒక దిద్దుబాటు చేసిన నష్టాన్ని మరో దిద్దుబాటుతో పూడ్చిన ఈ తీరే నన్ను అన్నిటికన్నా ఆకట్టుకుంది. ఇక 296 నుంచి 299 దాకా నాలుగింటినీ తీసి అలనిన్ పెట్టారు. పీఏఐ-1కు పట్టు దొరకలేదు. 1994లో ఈ పని అచ్చయింది, 2000లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆల్టెప్లేస్ రక్తంలో ఐదు నిమిషాల్లో సగమైతే, అలా పుట్టిన టెనెక్టెప్లేస్‌కు ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది.

ఇంత చేసినా ఫలితాన్ని పెంచి చెప్పకూడదు. 1999 నాటి అసెంట్-2 పరీక్షలో దాదాపు 17 వేల మందిని చూస్తే, నెల రోజుల్లో మరణాలు ఆల్టెప్లేస్, టెనెక్టెప్లేస్ రెండిటికీ 6.2 శాతం దగ్గరే తేలాయి. మెదడులో రక్తస్రావం కూడా ఇంచుమించు సమానమే, 0.9 శాతం. ఇతర చోట్ల రక్తస్రావం మాత్రం టెనెక్టెప్లేస్‌తో 29 నుంచి 26 శాతానికి దిగింది.

మెదడు ముప్పు తగ్గించడానికి అణువును మళ్లీ ముట్టుకోలేదు, డోసు లెక్కను సరిచేశారు. బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాములన్నది మామూలు డోసు. 2013లో వెలువడిన స్ట్రీమ్ పరీక్షలో పెద్దవయసు వాళ్లకు మెదడులో రక్తస్రావం ఎక్కువగా కనిపించడంతో, 75 ఏళ్లు, ఆ పైబడినవారికి మధ్యలోనే డోసును సగం చేశారు. ఆ తర్వాత ఆ ముప్పు బాగా తగ్గింది.