హాలుకు తగ్గ స్పీకరు

ఇంట్లో పాట బాగా వినబడాలంటే స్పీకరు పెద్దదై ఉండాలన్న నమ్మకం మనలో బాగా నాటుకుపోయింది. స్పీకరుతో మన తొలి పరిచయం పెళ్ళిపందిట్లోనో, వినాయక చవితి మండపం దగ్గరో, సినిమా హాల్లోనో జరుగుతుంది. అక్కడ పెట్టె ఎంత పెద్దదైతే మోత అంత ఘనం. ఆ కొలబద్దనే పదిహేనడుగుల హాల్లోకి తెచ్చుకుని, పరిమితమైన బడ్జెట్‌లోనే నడుమెత్తు టవర్ స్పీకర్ల కోసం వెతికేవాళ్ళు ఎక్కువ. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ డబ్బుకూ, ఆ గదికీ తగినవి అరలో పట్టే చిన్న స్పీకర్లే. డబ్బు చాలక సర్దుకుపోయే ఎంపికగా దీన్ని చూడనక్కర్లేదు, చేతిలో ఇంకాస్త ఉన్నా ఆ గదికి నేను ఇదే చెబుతాను.

కారణం గదిలోనే ఉంది. మన ఫ్లాట్లలో హాలు అంటే పదిహేనడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు అనుకుందాం. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. ఏ స్వరపు అలలో సరిగ్గా సగం ఎదురెదురు గోడల మధ్య ఇముడుతుందో ఆ స్వరం గదిలో చిక్కుకుని ఉబ్బుతుంది. లెక్కేస్తే ఈ హాలు పొడవుకు 38 హెర్ట్జ్ దగ్గర, వెడల్పుకు 51 దగ్గర, ఎత్తుకు 56 దగ్గర ఆ ఉబ్బు వస్తుంది. అమెరికాలో జిప్సం బోర్డు గోడలు కాస్త వణికి ఈ బేస్‌ను కొంత మింగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. సిమెంటు పూసిన ఇటుక గోడ, కాంక్రీటు శ్లాబు, నేలమీద టైల్స్ దాన్ని వదలవు, తిప్పి మళ్ళీ గదిలోకే కొడతాయి. పైగా స్పీకరును గోడకు ఆనించి పెడితే ఈ ఉబ్బులు మరింతగా రేగుతాయి. మనిళ్ళలో స్పీకరు ఉండేది గోడవారనే కదా, నడి హాల్లో పెడితే దారికి అడ్డం. 35 హెర్ట్జ్ దాకా దిగగల టవర్‌ను అక్కడ నిలబెడితే వినిపించేది లోతైన బేస్ కాదు, ఒకే స్వరం మీద సాగే గుబగుబ. 60 దగ్గర తగ్గుముఖం పట్టే చిన్న స్పీకరు ఆ అట్టడుగు ఉబ్బును పెద్దగా కదిలించదు. గోడ దగ్గరితనం దాని బలహీనమైన బేస్‌కు మాత్రం ఊతమిస్తుంది. టవర్‌కు శత్రువైన గోడ దీనికి చుట్టం.

మరి ఆ చిన్న పెట్టెలో మన సంగీతం పడుతుందా అన్నది న్యాయమైన ప్రశ్న. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి మధ్యస్థాయి షడ్జమం సుమారు 131 హెర్ట్జ్, మంద్ర పంచమానికి దిగితే 98. ఐదో శ్రుతిలో పాడే గాయని షడ్జమం 196. గొంతు, వయొలిన్, వేణువు అన్నీ చిన్న స్పీకరు హాయిగా పలికించే మేరలోనే ఉన్నాయి. ఘంటసాల కాలపు సినిమా పాటల రికార్డింగుల్లో అట్టడుగు బేస్ అసలే తక్కువ, అక్కడ పోయేది ఏమీ లేదు. చిక్కు వచ్చేది ఇళయరాజా పాటల్లో నడిచే బేస్ గిటార్ దగ్గర. దాని అడుగు తీగ 41 హెర్ట్జ్‌లో మోగుతుంది. అయితే ఏ తీగా ఒంటరిగా మోగదు. దాని రెట్టింపు 82, మూడింతలు 123 కూడా వెంట వస్తాయి. అవి స్పష్టంగా ఉంటే మూలస్వరం లేకపోయినా చెవి దాన్ని తనంతట తానే పూరించుకుంటుంది. ధ్వనిశాస్త్రంలో బాగా రుజువైన సంగతి ఇది. అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్‌లో కూడా మగగొంతు మగగొంతులానే వినబడటం ఇందువల్లనే. బేస్ గిటార్ నడక తెలియడానికి, అంటే ఏ స్వరం నుంచి ఏ స్వరానికి పోతోందో పట్టుకోవడానికి, శుభ్రమైన 80 హెర్ట్జ్ ఉపయోగపడినంతగా గుబగుబలాడే 40 ఉపయోగపడదు.

డబ్బు సంగతి. స్పీకరు ధరలో చెక్కపెట్టె, దాని బరువు, ప్యాకింగ్, రవాణా ఖర్చులు చాలా భాగం తినేస్తాయి. ఒకే ధరకు టవర్ జత, చిన్న జత పక్కపక్కన ఉంటే, టవర్‌లో కింది స్వరాలు పలికే ఊఫర్లకూ, పై స్వరాలు పలికే ట్వీటరుకూ, స్వరాలను వాటికి పంచే క్రాస్‌ఓవరుకూ మిగిలేది తక్కువ. పెద్ద పలక సన్నగా ఉంటే అదీ పాడుతుంది, దాన్ని ఆపడానికి లోపల బిగింపులు కావాలి, చవక టవర్లలో ఆదా చేసేది అక్కడే. చిన్న పెట్టె పలకలు చిన్నవి కాబట్టి సహజంగానే బిగువుగా ఉంటాయి. చిన్న పెట్టె సత్తా నిపుణులు ఎప్పుడో గ్రహించిందే. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ గాలి చొరబడని పెట్టెలోని గాలినే స్ప్రింగులా వాడి, అరలో పట్టే ఏఆర్-1ను తెచ్చాడు. అంతకుముందు ఆ పాటి బేస్ కావాలంటే బీరువాంత పెట్టె పెట్టాల్సి వచ్చేది. 1958లో స్టీరియో రికార్డులు వచ్చి ఇంటింటికీ రెండేసి స్పీకర్లు అవసరమయ్యేసరికి చిన్న పెట్టెకు గిరాకీ స్థిరపడింది. 1970లలో బీబీసీ ఇంజనీర్లు ఇంకో అడుగు వేశారు. ప్రసార వ్యానుల్లో, ఇరుకు గదుల్లో కూర్చుని ప్రసారం నాణ్యతను తేల్చాల్సిన వాళ్ళ కోసం ఎల్ఎస్3/5ఏ అనే స్పీకరును రూపొందించారు. ఎత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19, లోతు 16. అందులో ఊఫరు అయిదంగుళాలది. చెవులే జీవనోపాధి అయినవాళ్ళు ఇరుకు గదికి చిన్న స్పీకరును ఏరి కోరి తయారు చేయించుకున్నారు. అదేమీ చవక సరుకు కాదు. ఆ పాఠాన్ని సామాన్యుడి ధరకు దించిన వాటిలో 1980ల తొలినాళ్ళలో వచ్చిన వార్ఫ్‌డేల్ డైమండ్ ఒకటి, ఆ పేరుతో స్పీకర్లు ఇప్పటికీ వస్తున్నాయి.

నా వాదనకు అడ్డుతగిలే బలమైన సాక్ష్యాన్ని దాచను. ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, ఆ తర్వాత షాన్ ఆలివ్ దశాబ్దాల పాటు స్పీకరు పేరు కనబడకుండా తెరచాటున శ్రోతలకు వినిపించి, వాళ్ళకు ఏది నచ్చుతుందో లెక్కగట్టారు. 2004లో ఆలివ్ ప్రచురించిన నమూనాలో, బేస్ ఎంత లోతుకు దిగుతుందన్నదానికి దాదాపు 30 శాతం విలువ ఉంది. తక్కువేం కాదు. కానీ మిగిలిన 70 శాతం చూడండి. స్పీకరు ఎదురుగానూ గదిలోనూ ఏ స్వరమూ ఎగిరిపడకుండా, కుంగకుండా సాఫీగా పలకడానిదే ఆ వాటా. చవక టవర్ ఓడిపోయేది అక్కడ. పైగా ఆ పరీక్షలు జరిగినవి శ్రవణం కోసమే సిద్ధం చేసిన గదుల్లో, స్పీకర్లను వంతులవారీగా ఒకే చోటికి తెచ్చి. మన హాల్లో గోడవారన నిలబడ్డ లోతైన బేస్‌కు అదే 30 మార్కులు పడతాయని నేను అనుకోను.

రెండో అభ్యంతరం మోత గురించి. చిన్న స్పీకర్లకు ఊపిరి తక్కువన్నది నిజమే. పెట్టె చిన్నదిగా ఉండాలి, బేస్ లోతుగా ఉండాలి, కొద్ది వాట్లకే గట్టిగా మోగాలి అంటే మూడూ కుదరవు, ఏవైనా రెండే. హాఫ్‌మన్ నియమంగా స్పీకర్లు చేసేవాళ్ళందరికీ తెలిసిన మాట ఇది. ఒక స్వరాన్ని సగానికి దించి అంతే గట్టిగా వినిపించాలంటే నాలుగింతల గాలిని కదపాలి, అయిదంగుళాల ఊఫరుకు ఆ శక్తి ఎక్కడిది? కాకపోతే మన అవసరం ఎంతో కూడా చూడాలి. ఒక వాటుకు మీటరు దూరంలో 85 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ల జత సోఫా దగ్గర ఒక్కో వాటుకు 80 దగ్గర వినిపిస్తుంది. మామూలు సంభాషణ 60. ఛానెల్‌కు ముప్పై నలభై వాట్ల ఆంప్లిఫయర్ ఉంటే కింది ఫ్లాటువాళ్ళు తలుపు తట్టేదాకా సరిపోతుంది. డబ్బా మీద అచ్చేసిన వేల వాట్ల పీఎంపీఓ అంకెను చదవడమే దండగ. డూప్లెక్స్ ఇంట్లో రెండంతస్తుల ఎత్తు హాలున్నవాళ్ళకు మాత్రం నా మాట వర్తించదు, వాళ్ళు పెద్దవే కొనుక్కోవాలి.

ఇక సినిమాలు. పేలుళ్ళూ ఇంజన్ల రొదా చిన్న స్పీకరుతో రావు, ఒప్పుకోవాల్సిందే. తర్వాత డబ్బు కూడినప్పుడు ఒక సబ్‌ఊఫర్ చేర్చి 80 హెర్ట్జ్ కింది పనిని దానికి అప్పగించవచ్చు. స్పీకర్లను పాట బాగుండే చోట, సబ్‌ఊఫర్‌ను బేస్ బాగుండే చోట విడివిడిగా పెట్టుకునే వీలు టవర్‌తో ఎలాగూ లేదు. సౌండ్‌బార్ చాలదా అంటారు. టీవీ మాటలు అర్థం కావడానికి చాలు. రెండు స్పీకర్ల మధ్య ఆరేడడుగుల ఎడం ఉంటే గాయకుడు నడుమ, వాయిద్యాలు అటూ ఇటూ నిలిచే అనుభవం మూడడుగుల కడ్డీలోంచి రాదు. చిన్న స్పీకరుకు స్టాండు వేస్తే టవర్ ఆక్రమించినంత నేలా పోతుందన్న ఆక్షేపణ మాత్రం నూటికి నూరుపాళ్ళు సరైనది. పసిపిల్లలున్న ఇంట్లోనైతే అసలు స్టాండు జోలికే పోవద్దంటాను, లాగితే మీద పడుతుంది. గోడకు బ్రాకెట్ వేయండి, లేదా టీవీ యూనిట్ రెండు చివర్లా రబ్బరు దిమ్మల మీద, పెట్టె ముందుభాగం అంచుదాకా వచ్చేలా పెట్టండి. ట్వీటరు డోమ్ మీద చిన్న వేలు నొక్కితే సొట్ట పడుతుంది, ముందు జాలీ తీయకండి. వెనక రంధ్రమున్న పెట్టె గోడ దగ్గర గుబగుబమంటే ఆ రంధ్రంలో స్పాంజి దూర్చండి, చాలా కంపెనీలు దాన్ని పెట్టెతోపాటే ఇస్తాయి.

షాపుకు పోయేముందు టేపుతో హాలు కొలుచుకోండి, స్పీకరుకూ గోడకూ మధ్య ఎంత ఎడం ఇవ్వగలరో రాసుకోండి. బడ్జెట్‌లో కొంత మందపాటి కర్టెన్లకూ ఒక తివాచీకీ పక్కన పెట్టండి, టైల్స్ హాల్లో ఆ డబ్బుకు వచ్చే మార్పు ఏ ఖరీదైన కేబులూ ఇవ్వదు. షాపువాళ్ళు వేసే డెమో పాటలు కాకుండా మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి, కచేరీ ఒకటి తీసుకెళ్ళి, ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి పెట్టుకునేంత తక్కువ వాల్యూమ్‌లో వినండి. ఆ వాల్యూమ్‌లో మాటలు తేటగా వినబడిన జతనే కొనండి. ఇంటికి తెచ్చి వినిపించి, నచ్చకపోతే వెనక్కి తీసుకునే షాపు దొరికితే వెయ్యి రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి.