బెత్తెడు ఖాళీ

కాలువకు నిండుదనమే శోభయనియు, మట్టము బెత్తెడు తగ్గినను అది లస్కరు ఏమరుపాటేననియు గోదావరి డెల్టాలో లాకుల చెంత పెరిగిన నాబోటివారికి చిన్ననాటనే నాటుకొన్న నమ్మకము. అయితే గ్లాస్గో నగరపు ఇంజనీర్లు తమ కాలువ మట్టమును కావలెననియే తగ్గించుచున్నారు. వారి పనితీరును తెలిసికొన్నకొలదియు నాకు వారియెడ గౌరవము హెచ్చుచున్నది.

1768లో జాన్ స్మీటన్ ఆధ్వర్యమున త్రవ్వనారంభించి 1790లో ముగించిన ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ, స్కాట్లండు తూర్పు పడమటి తీరములను కలిపి, తరతరములు సరకులు మోసి, కాలక్రమమున నిరుపయోగమై 1963లో మూతపడగా, 2001లో దానిని పడవలకు మరల తెరచిరి. ఆ కాలువ చెంత, ఉత్తర గ్లాస్గోలో, ఫ్యాక్టరీలు పోయి బీడువడిన నేలలపై ఇండ్లు కట్టుదమన్న, పాత మురుగుగొట్టములకు అదనపు వాననీటిని మోయు సత్తువ లేదు. అందుచే ఆ నీటికి కాలువలోనే తావు చూచిరి.

మేరీహిల్ నుండి విండ్‌ఫర్డ్ వరకు సుమారు పాతిక కిలోమీటర్లు ఒక్క లాకైనను లేక ఒకే మట్టమున పరచుకొన్న ఆ జలమును పది సెంటీమీటర్ల వరకు దించినచో 55,000 ఘనపు మీటర్లు, అనగా ఐదున్నర కోట్ల లీటర్లకు తావు ఏర్పడును. భారీవర్ష సూచన అందినంతనే, చినుకు పడకమునుపే, మట్టము దించుదురు. పిదప ఎగువ నేలల వాన, గడ్డి పెరిగిన పల్లములలోను కుంటలలోను కొంత నిలిచి, వేగము తగ్గి, కాలువలోనికి దిగును. దీనివలన 110 హెక్టార్ల భూమి కట్టడములకు అనువైనది.

ఆకాశము నిర్మలముగా నున్నవేళ, సూచన నొక్కదానిని నమ్మి, ఉన్న నీటిని వదలుటకు ఎంత ధైర్యము వలయునో కాలువ కాచినవారికి తెలియును. యంత్రములు మట్టమును కొలువగలవు; కాని పూడిక తోడుట, గట్టు కాచుట, మురుగు కలియనీయకుండుట మనుష్యులు ఏటేట చేయవలసిన పనులు.

విజయవాడ నడుమ పారు ఏలూరు, బందరు, రైవస్ కాలువలు వానకారున సేద్యపు నీటితో నిండియుండును గనుక ఈ పద్ధతి మనకు యథాతథముగా చెల్లదు. అయినను, వాడుక తప్పిన పాత కాలువను పూడ్చి దారి వేయవలెనను తీర్మానము మీ మునిసిపాలిటీ ముందుకు వచ్చిననాడు, దాని పొడవు వెడల్పులను, మట్టమును కొలిపించి, అది ఎంత వానను ఇముడ్చుకొనగలదో మొదట లెక్కకట్టించుడని మీ కౌన్సిలరును అడుగుడు.