ప్రార్థన నడిపే పంతులమ్మ

పశ్చిమ సిడ్నీలోని ఫెయిర్‌ఫీల్డ్ ప్రాంతంలో, 2014లో ఇరాక్‌లోని మోసుల్, నినెవే మైదానం వదిలి పారిపోయిన కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. ఆ కుటుంబాల పిల్లలున్న కాథలిక్ బడిలో ఉదయ ప్రార్థన నడపడం గొప్ప నేర్పు. మంచి పంతులమ్మ, చప్పుడుకు ఉలిక్కిపడే పిల్లలుంటారని గంట మోగించదు, కొవ్వొత్తి వెలిగిస్తుంది. కళ్లు మూసుకోమని బలవంతపెట్టదు. పరలోక జపాన్ని ఇంగ్లీషులో మొదలుపెట్టి, అరబిక్‌లోనో తమ ఇంటి భాష సూరెత్‌లోనో చెప్పేవాళ్లకు చోటిస్తుంది. తమ ఇంటి ఆచారం ప్రకారం సిలువ గుర్తును కుడి భుజం నుంచి ఎడమకు వేసుకునే బిడ్డను సరిదిద్దదు. దూరమైనవాళ్ల పేర్లు తలచుకోమంటుంది. నోరు విప్పని పిల్లల వంతును మెల్లగా దాటిస్తుంది. ఇల్లూ ఊరూ పోయినా, అమ్మమ్మ నేర్పిన దేవుడు తమతోనే ఉన్నాడన్న ధైర్యం పిల్లలకు ఇంతటి ఓర్పు వల్లే నిలుస్తుంది.