మూడు నిమిషాల కృష్ణుడు

పద్యనాటకం గురించి మనవాళ్ళు రాసిన వ్యాసాలు ఏ నాలుగు చదివినా ఒక ఫిర్యాదు తగులుతుంది: నటులు రాగాల మోజులో పడి నాటకాన్ని చంపేశారని. మాది ఆ ఫిర్యాదును చదివిన తరం. ఆ రాగాలను విన్న తరం కాదు. ముప్పైల్లో ఉన్న నాలాంటి వాళ్ళకి పద్యం అంటే ఘంటసాల. తెర మీద ఎన్టీఆర్ చెయ్యి ఎత్తితే మొదలై, దించేలోపు అయిపోయే పద్యం. సినిమా కోసం రాగాన్ని కత్తిరించి, మాటను ముందుకు తెచ్చిన పద్యం. దానికి ముందు ఇంకో గానపద్ధతి ఉండేది. అది కర్ణాటక సంగీతమూ కాదు, హిందుస్తానీ కూడా కాదు, రెండింటి దగ్గరా మొహమాటం లేకుండా అప్పులు చేసింది. ఇది నాకు తెలిసింది మూడేళ్ళ క్రితం, బెంగుళూరులో, ఫోన్లో.

అదొక అభిమానుల వాట్సాప్ గ్రూపు. రిటైరైన లెక్కల మాస్టార్లు, బ్యాంకు మేనేజర్లు, టెక్సాస్‌లో ఒక గుండె డాక్టరు, తాడేపల్లిగూడెం వైపు ఒక హార్మోనిస్టు, నాలాంటి ఐటీ వాళ్ళు ఓ పది మంది. పొద్దున్నే ఎవరో ఒకరు ఒక పద్యం పెడతారు: పాత 78 ఆర్‌పీఎం ప్లేటు నుంచో, రేడియో నాటకం నుంచో, ఊరి జాతరలో టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న క్యాసెట్ నుంచో. అక్కడ ఒక నియమం ఉంది. పద్యంతో పాటు నాటకం, కవి, పాడినవారు, రాగం, ఈ నాలుగూ రాయాలి. రాయకపోతే ఎవరూ తిట్టరు గానీ, సాయంత్రానికల్లా ఎవరో వచ్చి నింపేస్తారు. నింపినదాని మీద రాత్రి దాకా తగువు.

నాది పోలవరం. ఆ పేరు చెబితే ఇప్పుడు ఎవరికైనా గుర్తొచ్చేది డ్యామ్, గేట్లు, కాఫర్ డ్యామ్, ఎంత శాతం పనైంది అన్న లెక్క. గ్రూపులో ఊరి పేరు చెప్పగానే ఒక పెద్దాయన మాత్రం "ఓహో, తిరుపతి వేంకట కవుల పోలవరమా" అన్నారు. పోలవరం జమీందారు కొచ్చెర్లకోట రామచంద్ర వేంకట కృష్ణారావు ఆ జంటకవులను తన దగ్గరికి పిలిపించుకుని, ఎడ్విన్ ఆర్నాల్డ్ 'లైట్ ఆఫ్ ఆసియా'ను తెలుగు చేసే పని అప్పగించాడు. 'సరస్వతి' పత్రిక పెట్టి దాని బాధ్యతా వాళ్ళకిచ్చాడు. ఆ 'బుద్ధచరిత్ర' ఇవాళ ఎంతమంది చదువుతారో గానీ, అదే కవులు రాసిన పాండవ నాటకాలు, ముఖ్యంగా 'పాండవోద్యోగం', 'పాండవ విజయం', తెలుగు పల్లెల్లో కొన్ని తరాలపాటు రాత్రుళ్ళను మేల్కొలిపాయి. మా ఊళ్ళో స్కూలు పుస్తకంలోనూ, బోటు ఘాటు దగ్గరా కూడా ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఇంతకీ ఈ పద్యంలో సంగీతం ఎక్కడుంది? గ్రూపులో నాకు దొరికిన మొదటి పాఠం ఛందస్సు గురించే. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకి 21, పదకొండో దగ్గర. పుస్తకంలో చూస్తే పాదం చివర మాట తెగి, సగం కింది పాదంలోకి జారుతుంది. కంటితో చదివేవాడికి అది అందమో అడ్డమో ఏదో ఒకటి. స్టేజీ మీద పాడేవాడు ఆ గీతను అసలు లెక్కచెయ్యడు. అర్థం ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతాడు. తాళం లేదు కాబట్టి ఎంతసేపైనా ఆగొచ్చు. కాబట్టి పద్యంలో చాలా భాగం దాదాపు మాట్లాడినట్టే వెళ్ళిపోతుంది, శ్రుతి తప్పని మాట. రాగం కాసేది కొన్నిచోట్లే: ఎత్తుగడ, నాలుగో పాదం చివరి అచ్చు, మధ్యలో సంబోధన.

ఈ సంబోధన సంగతి ఎవరైనా పూర్తిగా రాస్తే బాగుండును. బావా, రాజా, దేవీ, కృష్ణా... తెలుగులో పిలుపు దీర్ఘంతో ముగుస్తుంది. ఆ దీర్ఘమే రాగానికి గుమ్మం. తిరుపతి వేంకట కవులు నాటకం కోసం రాసిన పద్యాలు ఎదుటి మనిషితో మాట్లాడే పద్యాలు, పిలుపులతో నిండిన పద్యాలు. వర్ణన పద్యానికి ఈ సౌకర్యం తక్కువ. వాళ్ళ పద్యాలు గొంతుల్లో అంత తేలిగ్గా కూర్చోడానికి భాష సరళంగా ఉండటం ఒక్కటే కారణం అంటారు గానీ, ఈ పిలుపులు కూడా ఒక కారణమని నా నమ్మకం. రాయబారం సీనులో కృష్ణుడు ఎవర్ని ఏమని పిలిచాడో, ఆ పిలుపుని ఎంతసేపు లాగాడో వింటే చాలు, వాళ్ళిద్దరి మధ్య సంగతులు ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది. ఇది సంగీతమా, నటనా అని విడదీయడం కష్టం.

ప్లేటుకీ స్టేజీకీ తేడా కూడా ఇక్కడే పట్టుబడుతుంది. పది అంగుళాల 78 ప్లేటు మీద ఒక వైపుకి మూడు నిమిషాల పైన కొంచెం. అందులో పద్యం పూర్తవ్వాలి, రాగమూ కనిపించాలి. అందుకని ప్లేటు మీది కృష్ణుడు ఎప్పుడూ కాస్త తొందరలో ఉంటాడు. ముందే రాగం చూపించేసి, మాటలను గబగబా దాటించి, ఆఖర్న ఒక మెరుపుతో దిగిపోతాడు. ఎదురుగా దుర్యోధనుడు లేడు. అదే సీను ఏదో ఊరి క్యాసెట్లో వింటే ఒక్క పద్యం ఆరేడు నిమిషాలు. మధ్యలో వన్స్ మోర్ కేకలు, ఎవరి పిల్లాడో ఏడుపు, లెగ్ హార్మోనియం ముందే వెళ్ళి స్వరం మీద కూర్చుని గాయకుడి కోసం ఎదురుచూడటం. మైకులు లేని రోజుల అలవాటేమో, శ్రుతి బాగా పైన. రికార్డింగ్ చెత్తగా ఉంటుంది. నేను పదిసార్లు వినేది అదే.

రాగం తీస్తున్నంతసేపూ కథ ఆగిపోతుందన్నది పాత విమర్శ. ఆగుతుంది, నిజమే. కానీ రాయబారం ఫలిస్తుందో లేదో తెలుసుకుందామని ఆ రాత్రి చాపలు పట్టుకుని వచ్చినవాడు ఒక్కడూ లేడు. యుద్ధం జరుగుతుందని అందరికీ తెలుసు. తెలిసిన అనర్థాన్ని కాసేపు నిలబెట్టి చూడటమే ఆ సీనులో ఉన్న సుఖం, రాగం ఆ పని చేస్తుంది. ఈ విమర్శ సరిగ్గా తగిలేది ఇంకోచోట. కాటి సీనులో హరిశ్చంద్రుడు కొడుకు శవం పక్కన నిలబడి చప్పట్ల కోసం గమకాలు తిప్పుతుంటే నాకు ఓపిక ఉండదు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని సీనుకొక స్టారుని దించిన పద్ధతిలో పాత్ర మిగలదు, పోటీయే మిగులుతుంది.

గ్రూపులో ఎప్పటికీ తెగని తగువు పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజుల మధ్య. ఇద్దరూ కృష్ణులే. షణ్ముఖి గొంతులో తీపి ఉంది, రాగం తీస్తుంటే కృష్ణుడు తనని తానే వింటున్నట్టు ఉంటుంది. పీసపాటి రాగం పొదుపు. మాటని విరిచే తీరులో లోకజ్ఞానం తెలిసిన దూత కనిపిస్తాడు, నవ్వుతూ బెదిరించే మనిషి. నా ఓటు పీసపాటికి. దీనికి జవాబుగా మాస్టారొకాయన షణ్ముఖి పాడిన ఒకే పద్యం మూడు రికార్డింగులు వరసగా పెట్టి, మూడుచోట్లా ఊపిరి ఎక్కడ తీశారో గుర్తులు పెట్టి పంపారు. అకడమిక్ విమర్శలో ఇంత దగ్గరగా వినడం నేను ఎక్కడా చదవలేదు. ఈలపాట రఘురామయ్య వేలు నోట్లో పెట్టుకుని ఈలతో తీసే రాగం మీద మాత్రం తగువు లేదు. అక్కడ అందరూ చిన్నపిల్లలైపోతారు.

సాహిత్యం చదివేవాళ్ళు గమనించాల్సిన సంగతి ఇంకొకటి. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో జాషువా శ్మశాన పద్యాలు పాడటం ఆనవాయితీ. ఆ పద్యాలు నాటకంలోవి కావు, ఆయన ఖండకావ్యంలోవి. చీమకుర్తి నాగేశ్వరరావు లాంటి వాళ్ళ క్యాసెట్లతో అవి ఆటోల్లోకీ, టీ కొట్లలోకీ వెళ్ళాయి. అంటరానితనం మీద నిప్పులు కక్కిన కవిని ఎక్కువమంది తెలుగువాళ్ళు విన్నది వర్ణధర్మం తప్పని రాజు నోటి నుంచి, అదీ చాలాసార్లు ఎవరివో తెలియకుండా. గ్రూపు నియమంలో 'కవి' అన్న గడి ఉండబట్టి ఇక్కడ ఆ పేరు ప్రతిసారీ పడుతోంది. అది చిన్న పనేం కాదు.

అయితే అభిమానులు దాచిపెట్టేది తమకి నచ్చిందాన్నే. అమెరికాలో ఈ కథ ముందే జరిగింది. 1952లో హ్యారీ స్మిత్ అనే ఆయన తన దగ్గరున్న పాత 78 ప్లేట్లలోంచి 84 పాటలు ఎంచి 'ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్' వేశాడు. తర్వాతి తరం గాయకులు దాన్ని బైబిల్లా విన్నారు. 1936-37లో 29 పాటలు రికార్డు చేసి, 27 ఏళ్ళకే పోయిన రాబర్ట్ జాన్సన్ బతికుండగా పెద్ద పేరున్నవాడు కాదు. 1961లో కొలంబియా వాళ్ళు వేసిన ఎల్పీ ఆయన్ని మిసిసిపీ డెల్టా బ్లూస్‌కి రాజును చేసింది. 1920ల్లో ఆ సంగీతాన్ని జనంలోకి తీసుకెళ్ళింది బెస్సీ స్మిత్, మా రెయినీ లాంటి ఆడవాళ్ళు. ప్లేట్లు సేకరించిన కుర్రాళ్ళకి మాత్రం గిటారు పట్టిన ఒంటరి మగాడు నచ్చాడు. చరిత్ర అలా వంగింది.

మన డెల్టాలో వంపు ఇంకో రకం. గ్రూపులో కృష్ణులకీ హరిశ్చంద్రులకీ లెక్క లేదు. స్త్రీ పాత్రలంటే స్థానం నరసింహారావు, బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి. మగవాళ్ళు వేసిన ఆడవేషాల గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. తర్వాత చంద్రమతులూ చింతామణులూ వేసిన నటీమణుల క్లిప్పుల్లో 'పాడినవారు' గడి చాలాసార్లు ఖాళీ. "చంద్రమతి పాత్రధారిణి" అని ఉంటుంది. సురభి కంపెనీల్లో మొదటి నుంచీ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు, పిల్లల్ని చంకన వేసుకుని ఊళ్ళు తిరిగారు. వాళ్ళ పద్యాలు ఎక్కడ? అడిగితే "ప్లేట్లు తక్కువండీ" అంటారు. క్యాసెట్లు? మౌనం. 'చింతామణి'ని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించినప్పుడు గ్రూపులో వారం రోజులు కాళ్ళకూరి నారాయణరావు గురించీ సుబ్బిశెట్టి గురించీ వాదించారు. ఆ వేషం వేసి బతికిన ఆడవాళ్ళ ప్రస్తావన రెండుసార్లే వచ్చింది. నేను లెక్కపెట్టాను.

పోయిన వేసవిలో ఎవరో ఒక వీడియో పెట్టారు. పోలవరం పైన, పాపికొండల వైపు, ఒక కోయ ఊళ్ళో తీసింది. తలకి అడవిదున్న కొమ్ములు కట్టుకున్న మగవాళ్ళు, మెడలోంచి వేలాడే పెద్ద డోళ్ళు, ఎదురుగా భుజాలు పట్టుకుని ఆడవాళ్ళ వరస. వాళ్ళ పాటలో 'రేల' అన్న మాట మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది. పది నిమిషాల్లో ఒకాయన మర్యాదగానే రాశారు: "బాగుంది గానీ, మన సబ్జెక్టు కాదు కదండీ." రాగం, కవి, నాటకం, పాడినవారు. నాలుగు గడుల్లో ఏదీ నిండదు మరి. నాకు వినడం నేర్పిన నియమం ఇదే, ఆ డోలుని బయట నిలబెట్టిందీ ఇదే.

ఆ గడులు నిండని సంగీతానికి కర్తలు లేరని కాదు. కోయల వంశచరిత్రలు, సమ్మక్క సారలమ్మ కథ, కోయలోనూ తెలుగులోనూ గంటల తరబడి పాడిన సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఆయన పాట వింటే, పద్యనాటకం వినివిని అలవాటైన చెవికి వెంటనే ఒకటి తెలుస్తుంది: ఇక్కడ రాగం ఆగి తనని చూపించుకోదు. చిన్న స్వరపరిధిలో మాట నడుస్తూనే ఉంటుంది, డోలు దాన్ని తోస్తుంటుంది, వరస మారితే కథ మలుపు తిరిగిందని అర్థం. షణ్ముఖికి పెట్టే చెవి దీనికి చాలదు. ఊపిరి గుర్తులు పెట్టిన ఆ మాస్టారి చెవి బహుశా చాలుతుంది. ఆయన్ని అడిగాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండుసార్లు విని, డోలు దెబ్బలు ఎక్కడ మారాయో కాగితం మీద రాసి ఫొటో పంపారు. రెండోసారి మారినచోట పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

ఆ వీడియోకి గ్రూపు పద్ధతిలోనే వివరాలు రాద్దామని కూర్చున్నాను. రాగం, కవి, నాటకం అన్న గడులు కొట్టేసి వాటి స్థానంలో ఊరు, సందర్భం, డోలు కొట్టినవారు, పాట ఎత్తుకున్నవారు అని రాశాను. తీసిన అబ్బాయి ఊరి పేరు చెప్పాడు. ముంపులో ఖాళీ అయిన ఊరు. మిగతా మూడూ అడుగుదామంటే అక్కడివాళ్ళు ఇప్పుడు ఒక్కచోట లేరు, వేర్వేరు పునరావాస కాలనీల్లో ఉన్నారు. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు మొదటి కాలనీలో పాట ఎత్తుకున్నావిడ పేరు దొరికింది. డోళ్ళు ఎవరింట్లో ఉన్నాయో ఇంకా తెలియలేదు.