ముందుగా అందిన కాపీ

రివ్యూ రాసేవాళ్లకు గేమ్ కంపెనీలు డబ్బులిచ్చి మార్కులు కొంటాయని చాలామంది అనుమానం. గేమ్ రివ్యూలు రాసే నన్ను భయపెట్టేది ఉచితంగా, ముందుగా అందే కాపీ. అది ఎప్పుడు చేతికి రావాలో, ఏ మెషీన్ మీద ఆడాలో, ఏ రోజు ఏ గంట దాకా నోరు మెదపకూడదో కంపెనీయే నిర్ణయిస్తుంది. 2016లో గేమ్ కంపెనీ బెథెస్డా, ఇకపై విడుదలకు ఒక్కరోజు ముందే కాపీలు ఇస్తామని ప్రకటించింది. అరవై గంటల గేమ్‌ను ఒక్కరోజులో ఎవరు పూర్తిచేయగలరు?

2020లో సైబర్‌పంక్ 2077 అనే గేమ్ ఇంకా పెద్ద పాఠం నేర్పింది. విడుదలకు ముందు, దాన్ని తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ రివ్యూ రాసేవాళ్లకు పీసీ వెర్షన్ మాత్రమే ఇచ్చింది. వీడియో రివ్యూల్లో తామిచ్చిన దృశ్యాలే వాడాలంది. పీసీ మీద ఆడినవాళ్లు ఎక్కువగా మంచి మార్కులే వేశారు. డిసెంబరు 10న విడుదలయ్యాక పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ కన్సోళ్లలో ఆడినవాళ్లకు మాత్రం బగ్‌లు, క్రాష్‌లు ఎదురయ్యాయి. వారం రోజులకే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి, డబ్బు వాపసిస్తామంది. రివ్యూలో ప్రతి వాక్యం నిజమే అయినా, పీఎస్4 ఉన్నవాడికి అది దారి చూపలేకపోయింది.

నేరుగా వచ్చే ఒత్తిడీ ఉంది. 2007లో గేమ్‌స్పాట్ అనే రివ్యూల సైట్‌లో జెఫ్ గెర్స్‌మన్ 'కేన్ అండ్ లించ్' గేమ్‌కు పదికి ఆరు మార్కులు వేశాడు. అప్పుడు ఆ సైట్ నిండా, ఆ గేమ్‌ను విడుదల చేసిన ఈడోస్ కంపెనీ ఇచ్చిన ప్రకటనలే. కొద్దిరోజులకే అతని ఉద్యోగం పోయింది. దాని వెనక ప్రకటనల ఒత్తిడి ఉందని అతను బయటికి చెప్పగలిగింది 2012లోనే.

జాలి కూడా ఒక ఒత్తిడే. 2010లో 'ఫాలౌట్: న్యూ వెగాస్' చేసిన అబ్సిడియన్ స్టూడియోకు, రివ్యూల మార్కులకు సగటు కట్టే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తేనే బోనస్. వచ్చింది 84. ఒక్క మార్కు వల్ల కష్టపడినవాళ్ల చేతికి అందాల్సింది అందలేదంటే మనసు చివుక్కుమంటుంది. అయినా ఆ ఒప్పందం రాసుకున్నది కంపెనీలు. దాని భారం కొనేవాడి మీద వేసే హక్కు నాకు లేదు.

అందుకే రివ్యూ మొదట్లోనే నాలుగు మాటలు చెప్పేస్తాను: కాపీ ఎవరిచ్చారు, ఏ మెషీన్ మీద ఆడాను, ఎన్ని గంటలు, ఏ షరతులతో. ఆడి చూడని వెర్షన్‌కు మార్కులు వేయను. నచ్చకపోతే ఆ కంపెనీ మళ్లీ కాపీ పంపకపోవచ్చు. అప్పుడు విడుదల రోజున అందరిలాగే కొనుక్కుని, వారం ఆలస్యంగా రాస్తాను. ముందొచ్చిన రివ్యూనే ఎక్కువమంది చదువుతారని తెలుసు. కానీ నాలుగైదు వేలు పోసి గేమ్ కొనాలా వద్దా అని ఆలోచించే కుర్రాడు ఓ వారం ఆగితే నష్టపోడు. నా మాట నమ్మి మోసపోతే మాత్రం నష్టపోతాడు.