తీరం దాటిన తరువాత

తుపాను తీరం దాటిందన్న వార్త రాగానే కోస్తా జిల్లాలు ఊపిరి పీల్చుకుంటాయి. టీవీల వాళ్లు సముద్రపు ఒడ్డు నుంచి కెమెరాలు సర్దుకుంటారు. కురబలకోటలో అసలు ప్రశ్న అప్పుడే మొదలవుతుంది. సముద్రానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, మదనపల్లె పీఠభూమి మీద ఉన్న ఊరు ఇది. ఇక్కడికి ఉప్పెన రాదు. వచ్చేది ముసురు. అది ఒక పూట తుంపరతో పోతుందా, మూడు రోజులు విడవకుండా పడుతుందా, చల్లగాలి తప్ప చుక్క రాలదా అన్నదాని మీదే పీకి ఆరబెట్టిన శెనక్కాయ, కోతకొచ్చిన టమాటా ఆధారపడి ఉంటాయి. తడిసిన టమాటా పగులుతుంది, మచ్చ పడుతుంది. పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచేవాళ్లదీ ఇదే గొడవ. తడి ఆకు మేపితే పురుగుకు జబ్బు చేస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రైతు అడిగేది ఒక్కటే మాట: "నాయనా, రేప్పొద్దున శెనక్కాయ పీకొచ్చా, రెండు దినాలు ఆగమంటావా?" దీనికి జవాబు చెప్పాలంటే అండమాన్ దగ్గర మబ్బు గుమిగూడినప్పటి నుంచీ దాన్ని వెంటాడాలి. ఆ పని జీతం లేకుండా, ఇష్టంతో చేసేవాళ్లు తెలుగునాట ఇప్పుడు చాలామందే ఉన్నారు. వీళ్లలో పేరున్నవాడు సాయి ప్రణీత్. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేస్తూ ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్ పేరుతో రైతులకు తెలుగులో వాతావరణం చెబుతున్న ఈ యువకుణ్ణి ప్రధాని 2021 జూలైలో 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. సరిహద్దు అవతల తమిళనాడు వెదర్‌మ్యాన్‌గా ప్రదీప్ జాన్ ఇదే పని చాలా ఏళ్లుగా చేస్తున్నారు. కుప్పం లాంటి చోట ఆయన మాట కూడా అక్కరకొస్తుంది, ఎందుకంటే కుప్పానికి వచ్చే వాన సాధారణంగా తమిళనాడు మీదుగానే వస్తుంది.

ఇదేదో సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టిన సరదా అనుకుంటే పొరపాటు. 1840ల నాటికే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు తన సొంత ఇంటి ఆవరణలో వేధశాల కట్టుకున్నారు. ఆకాశ పరిశీలన ఆయనకు ఎవరూ అప్పగించిన ఉద్యోగం కాదు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకున్నారు. గ్రహణాలతో పాటు గాలి, వాన, వాయుపీడనం రోజూ రాసిపెట్టే అలవాటు ఆ ఇంట్లో దశాబ్దాల పాటు సాగింది. 1876 అక్టోబరులో విశాఖను ఒక పెద్ద తుపాను కొట్టింది. దాని మీద జాన్ ఎలియట్ రాసిన నివేదిక భారత వాతావరణ శాస్త్రంలో తొలినాటి తుపాను అధ్యయనాల్లో ఒకటి. పైనుంచి చూసే ఉపగ్రహం లేని ఆ రోజుల్లో తుపాను దారిని గీయడానికి దిక్కు ఇలాంటి చేతిరాత లెక్కలే. ఓపిగ్గా రాసిపెట్టేవాడు లేకపోతే శాస్త్రానికి ముడిసరుకే లేదు.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చూద్దాం. మొదట చూసేది సముద్రపు వేడి. పైనీరు 26.5 డిగ్రీలకు తగ్గితే తుపాను నిలదొక్కుకోవడం కష్టం. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం దక్షిణ భాగంలో అంతకన్నా వేడిగానే ఉంటుంది కాబట్టి నిజమైన పరీక్ష పై గాలులది. కింద ఒక దిక్కుకు, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఇంకో దిక్కుకు గాలి వీస్తుంటే పైకి లేచిన మబ్బు సుడి నడినెత్తిన నిలవదు, పక్కకు ఒరిగిపోతుంది. దీన్ని వీళ్లు 'షియర్' అంటారు. షియర్ ఎక్కువగా ఉన్న రోజు ఉపగ్రహ చిత్రంలో సుడి ఒకచోట, తెల్లటి మబ్బు ముద్ద మరోచోట కనిపిస్తాయి. కొత్తవాళ్లు మబ్బు ముద్దను చూసి అదే కేంద్రం అనుకుంటారు. తెలిసినవాళ్లు పగటి చిత్రంలో కింది సన్నమబ్బుల వరసలు ఏ బిందువు చుట్టూ వంగుతున్నాయో వెతుకుతారు. ఇన్సాట్ చిత్రాలు అరగంటకొకటి వస్తాయి, వాటిని వరసగా తిప్పి చూస్తే ఆ బిందువు బయటపడుతుంది.

బలాన్ని కొలవడానికి డ్వోరాక్ పద్ధతి ఉంది. అమెరికా శాస్త్రజ్ఞుడు వెర్నన్ డ్వోరాక్ 1970లలో రూపొందించినది. మబ్బు పట్టీ కేంద్రం చుట్టూ ఎంత మేర చుట్టుకుంది, పైభాగం ఎంత చల్లగా ఉంది అన్నవి చూసి ఒక అంకె ఇస్తారు. 1.5 అయితే వాయుగుండం, 2 అయితే తీవ్ర వాయుగుండం, 2.5కు చేరితే తుపాను. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 63 కిలోమీటర్లకు చేరినప్పుడు తుపాను అవుతుంది, పేరు కూడా అప్పుడే పెడతారు. పేరు రాకముందే జనం పేరుతో పిలవడం, పేరు పడలేదని తేలిగ్గా తీసుకోవడం రెండూ తప్పే. పేరు గాలికి సంబంధించినది. వానకు పేరుతో పని లేదు, దానికి రుజువు ముందు ముందు చెబుతాను.

తర్వాత దారి. తుపాను తనంతట తాను నడవడం తక్కువ, పైనున్న గాలిప్రవాహం దాన్ని ఏట్లో తెప్పలా మోసుకుపోతుంది. ఉత్తరాన అధికపీడనం గట్టిగా ఉంటే పడమరకు, అంటే తమిళనాడు, దక్షిణ కోస్తా వైపు తోస్తుంది. ఆ గోడ మధ్యలో గండి పడితే ఉత్తరానికి తిరిగి మచిలీపట్నం, కాకినాడ దారి పడుతుంది. దీన్ని అంచనా వేసే కంప్యూటర్ నమూనాలలో అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్, ఐరోపా వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ అందరూ చూసేవి. సాయంత్రం 5.30 గంటల నాటి పరిశీలనలతో నడిచే ఐరోపా లెక్క మన చేతికొచ్చేసరికి అర్ధరాత్రి దగ్గరపడుతుంది. తుపాను రోజుల్లో వీళ్ల ఇళ్లలో ఆ వేళకు దీపం ఆరకపోవడానికి కారణం అదే. జీఎఫ్ఎస్‌కు ఒక జబ్బుంది: పది రోజుల ముందే భయంకరమైన తుపాను చూపించి, మర్నాటికి మాయం చేస్తుంది. అలాంటి ఒక్క బొమ్మ పట్టుకుని ఊరంతా పంచేవాణ్ణి ఈ పనిలో ఎవరూ గౌరవించరు. అనుభవం ఉన్నవాళ్లు ఒకే నమూనాను ఆరంభ స్థితి కాస్త కాస్త మార్చి యాభైసార్లు నడిపితే వచ్చే దారి గీతల గుత్తిని చూస్తారు. గీతలన్నీ ఒకచోటికే పోతే నమ్మకం. చెన్నై నుంచి కాకినాడ దాకా చెదిరిపోతే ఇంకా తెలియదని చెప్పడమే సరైన జోస్యం.

ఇక్కడిదాకా విశాఖలోనైనా చెన్నైలోనైనా ఒకటే. కురబలకోట లెక్క వేరు, నా దృష్టిలో ఈ విద్యలో అందమంతా అక్కడే ఉంది. తీరం ఎక్కడ దాటుతుందన్నది కాదు మనకు కావలసింది, దాటినప్పుడు మనం దానికి ఏ పక్కన ఉన్నామన్నది. మన అర్ధగోళంలో సుడిగాలి గడియారానికి ఎదురు తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. ఈశాన్యపు గాలికి వీపు పెడితే ఎడమచెయ్యి ఆగ్నేయం చూపుతుంది, అంటే కేంద్రం పుదుచ్చేరి, చెన్నై దిక్కున ఉందన్నమాట. అది పుదుచ్చేరి దగ్గర ఒడ్డెక్కి పడమరకు కదిలితే మనం దానికి ఉత్తరాన పడతాం. సముద్రం నుంచి తూర్పుగాలి తేమను మోసుకొచ్చి తిరుమల, తలకోన కొండలకు కొడుతుంది, మిగిలింది పైకెక్కి మన నెత్తిన పడుతుంది. అదే తుపాను బాపట్లకు పోతే మనం దానికి నైరుతిలో మిగులుతాం. గాలి వాయవ్యం నుంచి, నేల మీదుగా వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాయి. రాష్ట్రమంతా తుపాను మాటే వినిపించే అలాంటి రోజుల్లో హార్సిలీ కొండ కింద శెనక్కాయ రైతు ముందు చూసుకోవలసింది గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందన్నది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది వాయుగుండం మాత్రమే. దానికి పేరు లేదు. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. మన పైతట్టు నీళ్లు బాహుదా, పించా నదులుగా దిగి, కలిసి చెయ్యేరై రాజంపేట వైపు పోతాయి. ఆ ఉదయం చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది, పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు మునిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద దాటింది. ఇక్కడ కురిసిన వాన లెక్క ఇక్కడి పంటకే కాదు, దిగువ ఊళ్లకూ కావాలని ఆ రోజు చెప్పింది. పైన ఒక మండలంలో పది సెంటీమీటర్లు దాటిన సంగతి కింద ఊరికి గంట ముందు తెలిస్తే ఆ గంటకు వెల కట్టలేం.

ఇంకొకటి ఫెంగల్. 2024 నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర ఒడ్డెక్కింది. మోసుకుపోయే గాలి బలహీనపడి గంటల తరబడి కదలకుండా కూర్చుంది. తర్వాత బలం తగ్గి లోపలికి జరిగింది. బలం తగ్గింది అనగానే చాలామంది దాన్ని వదిలేశారు. డిసెంబరు 2 ఉదయానికి కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో 24 గంటల వాన 50 సెంటీమీటర్లు. ఊత్తంగరై నుంచి కుప్పం గీత గీస్తే అరవై కిలోమీటర్లుండదు. సముద్రానికి అంత లోపల అంత వాన పడుతుందని ఒడ్డునే చూస్తున్నవారికి తట్టదు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను నాలుగు అంచెలుగా ఇస్తుంది. నాలుగోది తీరం దాటడానికి 12 గంటల ముందు వస్తుంది, దాటాక ఎటు పోతుంది, లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుంది అన్నది అందులోనే ఉంటుంది. మనలాంటి వాళ్ల కోసమే ఉన్న ఆ కాగితాన్ని చదివేవాళ్లు తక్కువ. దాన్ని తీసి, మన మండలాల పేర్లతో, మన మాటల్లో చెప్పడం ఈ ఔత్సాహికులు చేసే అన్ని పనుల్లోకీ గొప్పదంటాను. హెచ్చరిక ఇచ్చే అధికారం శాఖదే, దాన్ని ఇంటి గడప దాకా తేవడం వీళ్ల పని. ఈ గీత దాటనివాళ్లనే నమ్మాలి.

తెర మీద చూసేది ఎంతున్నా, కంటితో చూసేదీ ఉంది. చంద్రుడికి గుడి కట్టినప్పుడు 'దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన' అంటారు మన పెద్దలు. ఇది ఒట్టి నమ్మకం కాదు. పెద్ద వలయం చాలా ఎత్తున మంచు స్ఫటికాల పొర పరచుకున్నప్పుడు ఏర్పడుతుంది. తుపాను నెత్తి నుంచి బయటికి చిమ్మే మబ్బు అలాంటిదే, అది కేంద్రానికన్నా వందల కిలోమీటర్లు ముందు వస్తుంది. చంద్రుణ్ణి అంటుకుని ఉండే చిన్న వలయం నీటి చుక్కల పలచని మబ్బుది, దానితో వానకు పెద్దగా సంబంధం లేదు.

వాయుపీడనం చూడడంలో ఒక మెళకువ ఉంది. మన అక్షాంశాల్లో పీడనం రోజుకు రెండుసార్లు దానంతటదే లేచి పడుతుంది: పది గంటల వేళ ఎక్కువ, నాలుగు గంటల వేళ తక్కువ, పగలూ రాత్రీ ఇంతే. తేడా మూడు హెక్టాపాస్కల్స్ దాకా ఉంటుంది. ఇది తెలియనివాడు సాయంత్రం నాలుగుకు ఫోన్‌లో అంకె తగ్గడం చూసి తుపాను వచ్చేసిందని బెంబేలెత్తుతాడు. నిన్న ఇదే గంటకు ఎంత, ఇవాళ ఎంత అని పోల్చాలి. ఇంకో సంగతి, మన ఎత్తులో ఫోన్ చూపేది 930 దరిదాపుల్లో ఉంటుంది. సముద్రమట్టపు 1010తో దాన్ని పోల్చి మహా తుపాను అనుకోకూడదు.

ఈ అక్టోబరులో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఖర్చు పెద్దగా లేదు. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న నిలువు డబ్బా ఒకటి, స్కేలు, నోటు పుస్తకం. డబ్బాను గోడకూ చెట్టుకూ వాటి ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టాలి. పొద్దున 8.30కి కొలవాలి, దేశమంతా వాన లెక్క ఆ వేళకే తీస్తారు. ఒక సెంటీమీటరు వాన అంటే ఎకరాకు నలభై వేల లీటర్ల నీళ్లు. పుస్తకంలో ఎడమ పేజీలో ముందురోజు రాత్రి మీరు వేసిన అంచనా, కుడి పేజీలో నిజంగా పడినది రాయాలి. అంచనా మాత్రం వానకు ముందే, సిరాతో. దాని పక్కన గాలి దిక్కు, పది గంటల పీడనం, తుపాను కేంద్రం ఆ పూట ఎక్కడుందో ఒక చుక్క. ఒక సీజనులో రెండు మూడు వాయుగుండాలు పోయేసరికి చెన్నైకి దక్షిణాన దాటినవి మీ పొలానికి ఎంత ఇచ్చాయో, ఉత్తరాన దాటినవి ఎంత ఇచ్చాయో మీ చేతిరాతలోనే తేలుతుంది. ఆ తేడాను మీ మండలం దాకా కచ్చితంగా చెప్పగల నమూనా అమెరికాలో లేదు, ఐరోపాలో లేదు.