బెనారస్ హరికేన్, దాన్ని బతికించిన చేతులు

స్పిట్‌ఫైర్ అందంగా ఉంటుంది, కాదనను. కానీ 1940లో బ్రిటన్ మీద జరిగిన ఆకాశయుద్ధంలో బ్రిటిష్ ఫైటర్లు కూల్చిన జర్మన్ విమానాల్లో సగానికి పైగా హరికేన్లు కూల్చినవే. మనకైతే అది ఇంకా దగ్గరి చుట్టం. 1944లో అర్జన్ సింగ్ నాయకత్వంలోని మన ఒకటో స్క్వాడ్రన్ ఇంఫాల్ దగ్గర జపాన్ సేనల్ని ఎదుర్కొన్నది హరికేన్లతోనే. ఇంత చేసిన విమానానికి రావాల్సిన పేరు రాలేదన్నది నా బాధ. అందుకే ఆర్4118 కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

605 స్క్వాడ్రన్‌లో 49 సార్లు యుద్ధానికి లేచిన హరికేన్ అది. 1943 చివర్లో శిక్షణ కోసమని ఇండియాకు ఓడెక్కించారు. యుద్ధం ముగిశాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పాఠాలకు చేరింది. ఆ తర్వాత ఎండకు ఎండింది, వానకు తడిసింది. అలాంటివెన్నో తుక్కు కింద పోయిన కాలంలో అమ్మేయకుండా ఉంచినందుకే ఆ కాలేజీకి దణ్ణం పెట్టాలి. 1982లో పాత రోల్స్‌రాయిస్ కార్లు వెతుక్కుంటూ వచ్చిన పీటర్ వేచర్ కంట అది పడింది. పట్టువదలని మనిషి! 2001లో గానీ ఇంగ్లండుకు తీసుకుపోలేకపోయారు. 2004 డిసెంబరులో అది మళ్లీ ఎగిరింది. యుద్ధంలో దాన్ని నడిపిన బాబ్ ఫాస్టర్ ముసలితనంలో మళ్లీ దాని ముందు నిలబడ్డారు.

దాన్ని మళ్లీ ఎగిరేలా చేసిన పని సఫోక్‌లో టోనీ డిథరిడ్జ్ నడిపిన హాకర్ రెస్టొరేషన్స్ వాళ్లది. హరికేన్ ఒళ్లంతా రేకు కాదు. లోపల ఉక్కు, డ్యూరాలుమిన్ గొట్టాలు. వాటిని వెల్డింగ్‌తో అతికించరు. గొట్టం చివర్లను నలుచదరంగా నొక్కి, పలకలు వేసి బోల్టులతో బిగిస్తారు. వాటి మీద చెక్క పట్టీలు, ఆపైన నారబట్ట. బట్టకు డోప్ అనే పూత పూస్తే ఆరేకొద్దీ డప్పుచర్మంలా బిగుస్తుంది. అసలు పరీక్ష మధ్యభాగంలోని రెక్క దూలాల దగ్గర. పలుచటి గట్టి ఉక్కుపట్టీని పలుముఖాల గొట్టంగా మలిచి, ఒకదానిలో ఒకటి దూర్చిన దూలాలవి. వాటిని చేసిన యంత్రాలూ పోయాయి, పనివాళ్లూ పోయారు. వీళ్లు ఆ సరంజామా అంతా మళ్లీ తయారుచేసుకుని, ఆ దూలాన్ని మళ్లీ పుట్టించారు. నా లెక్కలో విమానం ఎగరడం కన్నా అదే పెద్ద ఘనత.

ఎగిరితేనే గొప్ప అనడం లేదు. లండన్ ఆర్ఏఎఫ్ మ్యూజియంలో పీ3175 అనే మరో హరికేన్ ఉంది. 1940 ఆగస్టు 31న కూలి, ఎసెక్స్ తీరపు బురదలో దశాబ్దాలపాటు కూరుకుపోయింది. నడుపుతున్న గెరార్డ్ మాఫెట్ ఆ రోజే చనిపోయాడు. నలిగిన లోహాన్ని నలిగినట్టే ఉంచారు. సాపు చేసి రంగు పూసి ఉంటే ఆ కుర్రాడి చావు ఎవరికి కనబడేది?

ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం కూడా విద్యే. సముద్రంలోంచి తీసిన అల్యూమినియంలో దాగిన ఉప్పు, గాలి తగలగానే దాన్ని తినేయడం మొదలుపెడుతుంది. 2013లో ఇంగ్లిష్ చానెల్ నుంచి తీసిన డోర్నియర్ బాంబర్‌ను కాస్‌ఫర్డ్‌లో ప్లాస్టిక్ గుడారాల కింద పెట్టి, పలుచటి నిమ్మ ఉప్పు ద్రావణాన్ని నెలల తరబడి చిమ్మారు. రేకు విప్పాలన్నా అంతే ఓపిక కావాలి. ప్రతి రివెట్టు తలనూ సన్నటి డ్రిల్లుతో, నడిమధ్యన పట్టి తీయాలి. చెయ్యి వెంట్రుకవాసి జారితే బెజ్జం పెద్దదై, పాత రేకు మళ్లీ పనికి రాదు.

ఇంత నిష్ఠ ఉన్న లోకంలోనే ఘోరాలూ జరుగుతున్నాయి. 1942 జూన్‌లో పైలట్ డెనిస్ కాపింగ్ ఈజిప్టు ఎడారిలో దించేసిన కిట్టీహాక్ ఫైటర్ 2012లో బయటపడింది. ఇసుక రాపిడికి మెరిసిన ఆ లోహమే ఒక దస్తావేజు. దాన్ని అల్ అలమీన్ మ్యూజియంలో పెట్టి, మందంగా కొత్త రంగు కొట్టేశారు! డెబ్బై ఏళ్ల ఎడారి చెయ్యని నష్టం ఒక్క రంగుడబ్బా చేసింది. ఇక పేరుపలక ఒక్కటి దొరికితే చాలు, దాని చుట్టూ సరికొత్త విమానం కట్టి యుద్ధవీరుడి విమానమని చెలామణీ చేసే వ్యాపారం సంగతి! కొత్తగా కట్టడం తప్పు కాదు. ఎంత పాతదో, ఎంత కొత్తదో బోర్డు మీద రాయకపోవడం పచ్చి మోసం.

మన ఊళ్ల కూడళ్లలో, కాలేజీ ఆవరణల్లో నిలబెట్టిన పాత మిగ్‌లకూ ఇదే గతి పడుతోంది. పండగకోసారి ఎనామిల్ పూత, దాని కింద నంబరు మాయం. వాటిని చూసుకునే పెద్దలకు నా విన్నపం ఒక్కటే: వచ్చేసారి రంగువాణ్ణి పిలిచే ముందు ఫొటోలు తీయించండి, నంబర్లు రాసి పెట్టండి, రంగు డబ్బులతో పైన ఒక షెడ్డు వేయించండి.